సిలబస్ ఆమోదించే ముందు ఒక్కసారి గంటలు లెక్కపెట్టండి

విశ్వవిద్యాలయాల్లో, సొంతంగా సిలబస్ రాసుకునే అటానమస్ కాలేజీల్లో, ఒక్కో సబ్జెక్టు సిలబస్ తయారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్లకు, సభ్యులకు ఒక డిగ్రీ అధ్యాపకురాలి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌లో, జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మీరు సంతకాలు పెట్టి పంపే సిలబస్‌ని క్లాసుకి తీసుకెళ్లేది నాలాంటి వాళ్లం. మీలో కొందరు నాకు పాఠాలు చెప్పిన గురువులు, కొందరు నాతో కలిసి జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న వాళ్లు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

కోరేది ఒక్కటే. ఏ పేపర్‌నైనా, అంటే సెమిస్టర్‌లో చెప్పే ఏ కోర్సునైనా, ఆమోదించే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుని, జవాబులు సమావేశం మినిట్స్‌లో రాయించండి. దీన్ని ఎవరు చెబుతారు? ఎన్ని గంటల్లో చెబుతారు? దీంట్లోకి వచ్చే పిల్లలకు అప్పటికే ఏం వచ్చి ఉండాలి? వాళ్లు ఏ పుస్తకం చూసి చదువుకుంటారు? ఈ నాలుగింటికీ జవాబు దొరకని పేపర్‌ని ఆ ఏడాదికి పక్కన పెట్టి, పాత సిలబస్‌నే నడవనివ్వండి.

ఇవి బోర్డులో ఎవరో ఒకరు అడిగే ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. నేను చూసిన మినిట్స్‌లో మాత్రం అవి లేవు. "సభ్యులు సిలబస్‌ను కూలంకషంగా చర్చించి, స్వల్ప మార్పులతో ఏకగ్రీవంగా ఆమోదించారు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ స్వల్ప మార్పులేమిటో ఉండదు. కింద సంతకాలు, ఇంకో కాగితం మీద టీఏ, డీఏ వివరాలు ఉంటాయి.

నియమాలు లేక కాదు. మన విశ్వవిద్యాలయాల చట్టం 1991లో వచ్చింది. సబ్జెక్టువారీ బోర్డు తయారు చేసింది అకడమిక్ సెనేట్ స్టాండింగ్ కమిటీకి వెళ్లడం, అక్కణ్ణుంచి పాలకమండలి దాకా పోవడం మీ అందరికీ తెలిసిన దారే. అటానమస్ కాలేజీలకైతే బోర్డులో ఎవరుండాలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇంకా వివరంగా చెప్పింది. డిపార్ట్‌మెంట్ హెడ్ చైర్మన్. ఆ సబ్జెక్టు అధ్యాపకులంతా సభ్యులు. మాతృ విశ్వవిద్యాలయానికి బయటి నుంచి ఇద్దరు నిపుణులు. ప్రిన్సిపాల్ పంపిన ఆరు పేర్లలోంచి వైస్ ఛాన్సలర్ ఎంపిక చేసే ఒకరు. పరిశ్రమ నుంచి ఒకరు, పీజీ చేసిన పూర్వ విద్యార్థి ఒకరు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఇంతమందిలో ఆ పేపర్‌ని ప్రస్తుతం చదువుతున్న విద్యార్థి ఒక్కరూ లేరు. ఇక యూనివర్సిటీ బోర్డుల సంగతి. అనుబంధ కాలేజీల్లో డిగ్రీ పాఠం చెప్పేవాళ్లు అక్కడ ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతా వాళ్లు పీజీ క్లాసులు చెప్పే ప్రొఫెసర్లు. వాళ్ల పాండిత్యం మీద నాకు ఎలాంటి అనుమానమూ లేదు. వాళ్లు పదిహేడేళ్ల పిల్లాడికి మొదటి నుంచి పాఠం చెప్పి ఎన్నేళ్లయిందన్నదే నా ప్రశ్న. పరిశ్రమ ప్రతినిధి గురించి ఎక్కువ చెప్పను. మా లాంటి ఊళ్లో ఫిజిక్స్‌కి పరిశ్రమ ప్రతినిధిని వెతకాలంటే ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే షాపు దాకా పోవాల్సి వస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆయన వస్తే పనికొచ్చే ప్రశ్నలే వేస్తాడేమో.

"ఎవరు చెబుతారు" అన్న ప్రశ్న నుంచి మొదలుపెడతాను. 2023-24లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. అంతకుముందు ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవాళ్లు. ఈ విధానంలో ఒకటి మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు; రెండో సెమిస్టర్ నుంచి ఒకటి మైనర్, అంటే తోడు సబ్జెక్టు. మొదటి సెమిస్టర్‌లో మాత్రం మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ వైపు మేజర్ తీసుకున్న పిల్లలకు రెండు ఉమ్మడి పేపర్లు పెట్టారు. ఆ మొదటి పేపర్‌ని తీసి చూడండి. పేరులోనే గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ ఉన్నాయి. ఒక యూనిట్ లెక్కలది, ఒకటి ఫిజిక్స్‌ది, ఒకటి కెమిస్ట్రీది, ఇంకోదాంట్లో వీటి అనువర్తనాలు, చివర కంప్యూటర్ సైన్స్ పరిచయం.

ఆలోచన మంచిదే. ఇంటర్ నుంచి వచ్చిన పిల్లలు మేజర్‌లో పడిపోయే ముందు చుట్టూ ఉన్న సైన్సంతా ఒకసారి చూడాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. మరి క్లాసులోకి ఎవరు వెళ్లాలి? లెక్కల మాస్టారు మొదటి యూనిట్ చెప్పి లేచిపోతారు. తర్వాత నేను వెళ్తాను. నా తర్వాత కెమిస్ట్రీ మేడమ్. అనువర్తనాల యూనిట్ ఎవరిదన్నది స్టాఫ్ రూమ్‌లో తేలదు. చివరి యూనిట్‌కి కంప్యూటర్ లెక్చరర్ కావాలి. ఆయన అప్పటికే బీకాం, బీసీఏ క్లాసులతో తల ఎత్తలేకుండా ఉంటారు. టైమ్‌టేబుల్‌లో ఈ పేపర్ ఎవరి పేరు మీద పడాలి? వర్క్‌లోడ్ ఎవరి ఖాతాలోకి వెళ్లాలి? ఇంటర్నల్ మార్కులు ఎవరు వేయాలి? పరీక్షయ్యాక జవాబు పత్రం స్పాట్‌కి వస్తే, ఆ ఒక్క పత్రంలో త్రికోణమితి లెక్క, ఫిజిక్స్ వ్యాసం, రసాయన బంధాల గురించి ఒక జవాబు, ఇంటర్నెట్ మీద ఒక షార్ట్ నోట్ ఉంటాయి. దిద్దే మనిషి ఏ సబ్జెక్టు మనిషి అయి ఉండాలి?

ఇవి పేపర్ ఆమోదించిన తర్వాత కాలేజీలు తేల్చుకోవాల్సిన చిల్లర విషయాలు కావు. సిలబస్ పేజీలోనే ఉండాల్సిన సంగతులు. ఒక పేపర్‌కి నలుగురు కావాలంటే, ఆ నలుగురూ ఉన్న కాలేజీలు ఎన్ని, లేనివి ఎన్ని అని బోర్డు ముందు ఒక లెక్క ఉండాలి. ఇద్దరు గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే సైన్స్ గ్రూపులు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక గంటలు. యూజీసీ లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం, లేదా 30 గంటల ప్రాక్టికల్. మూడు క్రెడిట్ల థియరీ అంటే 45 గంటలు. అయిదు యూనిట్లు, యూనిట్‌కి తొమ్మిది గంటలు. సెమిస్టర్‌కి 90 పని దినాలు ఉండాలని కూడా అదే యూజీసీ చెబుతుంది. ఈ అంకెలు సిలబస్ పుస్తకం మొదటి పేజీలో పొందిగ్గా కనిపిస్తాయి.

క్లాసులో వాటి సంగతి వేరు. అడ్మిషన్లు ఒక విడతలో అయిపోవు. మొదటి విడత పిల్లలకు రెండు వారాలు పాఠం చెప్పాక రెండో విడత వాళ్లు వస్తారు, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు మిడ్ పరీక్షలు, దసరా సెలవులో సంక్రాంతి సెలవులో, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, యువజనోత్సవం, ఎన్నికలొస్తే ఎన్నికల డ్యూటీ, కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లొస్తున్నారంటే నెల ముందు నుంచి ఫైళ్ల టెన్షన్. తొమ్మిది గంటలు ఆరో ఏడో అవుతాయి. ఇది ఎవరి నేరమూ కాదు, ప్రతి ఏడాదీ జరిగేదే. అలాంటప్పుడు పూర్తి తొమ్మిది గంటలకీ సరిపడా పాఠం నింపడం ఎందుకు?

ఒక యూనిట్‌ని దగ్గరగా చూపిస్తాను. విద్యుదయస్కాంత తరంగాలు. సిలబస్‌లో రెండు లైన్లు. డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్, మాక్స్‌వెల్ సమీకరణాలు, వాటి అవకలన, సమాకలన రూపాలు, తరంగ సమీకరణం రాబట్టడం, తరంగం తిర్యక్ స్వభావం, పాయింటింగ్ సిద్ధాంతం, లెక్కలు. కామాలు పెట్టి చదువుకుంటూ పోతే అర నిమిషం పట్టదు. ఇప్పుడు మొదటి కామా దగ్గర ఆగండి. కెపాసిటర్ చార్జ్ అవుతోంది. తీగలో కరెంటు ఉంది, ప్లేట్ల మధ్య తీగ లేదు. తీగ చుట్టూ ఒక లూప్ గీస్తాం. ఆ లూప్‌కి అంటుకున్న ఉపరితలం తీగని కోస్తే ఆంపియర్ నియమం ఒక జవాబు ఇస్తుంది. అదే లూప్‌కి ఉపరితలాన్ని సంచిలా సాగదీసి ప్లేట్ల మధ్య నుంచి పోనిస్తే సున్నా ఇస్తుంది. ఒకే లూప్‌కి రెండు జవాబులు ఎలా? ఈ ప్రశ్న పిల్లల కళ్లలో కనపడేదాకా ఆగితేనే మాక్స్‌వెల్ కలిపిన పదం ఎందుకు కావాల్సి వచ్చిందో ఎక్కుతుంది. దానికి బోర్డు మీద రెండు బొమ్మలు, ఒక గంట, మర్నాడు పావుగంట కావాలి. అలా కాకుండా "డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ సూత్రం ఇది, రాసుకోండి" అంటే అయిదు నిమిషాలు చాలు. సిలబస్ 'కంప్లీట్' అయిపోతుంది. ఆ రెండు లైన్లలో ఇలాంటి కామాలు ఇంకెన్ని ఉన్నాయో చూసి, గంటలు వేసి కూడండి. నేను కూడితే ఒక్క యూనిట్‌కే పన్నెండు గంటలు దాటింది. లెక్కలు చేయించకుండా!

బోర్డు మీటింగ్‌లో ఈ కూడిక ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. అధ్యాపకులకు 'లెసన్ ప్లాన్' రాసి సంతకం పెట్టించుకోవాలని ప్రతి కాలేజీకీ చెబుతారు. సిలబస్ రాసిన వాళ్లూ తమ యూనిట్‌కి ఒక లెసన్ ప్లాన్ రాసి బోర్డు ముందు పెడితే సగం గొడవ అక్కడే పోతుంది. కోర్సు చదివాక పిల్లలకి ఏం రావాలో చెప్పే కోర్స్ అవుట్‌కమ్స్‌కి మాత్రం పేజీలు కేటాయిస్తున్నాం. విద్యార్థి అర్థం చేసుకుంటాడు, విశ్లేషిస్తాడు, మూల్యాంకనం చేస్తాడు, సృష్టిస్తాడు. వాటి కింద ఏ అవుట్‌కమ్ ఏ లక్ష్యానికి ఎంత సరిపోతుందో మూడు, రెండు, ఒకటి అంకెలతో ఒక పట్టిక. ఆ పట్టిక ఎలా నిండుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. దానికి పెట్టే సమయంలో పదో వంతు గంటల కూడికకి పెట్టండి చాలు.

మూడో ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టేది. పిల్లలకు అప్పటికే ఏం వచ్చి ఉండాలి?

ఎంపీసీ కాంబినేషన్ ఉన్న రోజుల్లో ఫిజిక్స్ అధ్యాపకులకు ఒక ధైర్యం ఉండేది. నా క్లాసులో ఉన్న పిల్లాడే పక్క గదిలో లెక్కల క్లాసులోనూ ఉంటాడు. డిగ్రీ మొదటి సెమిస్టర్ లెక్కల్లో అవకలన సమీకరణాలు చెప్పేవారు. రెండో సెమిస్టర్‌లో నేను తరంగాలు, డోలనాలు మొదలుపెట్టి, అవరుద్ధ డోలనానికి రెండో క్రమ సమీకరణం బోర్డు మీద రాస్తే, "మేడమ్, ఇది మాకు సార్ చెప్పారు" అనేవాళ్లు. ఆ ఒక్క మాటతో నాకు రెండు గంటలు మిగిలేవి. ఇప్పుడు ఫిజిక్స్ మేజర్ పిల్లాడు మైనర్‌గా కంప్యూటర్ సైన్స్ తీసుకుంటున్నాడు. ఉద్యోగాల కోసం అది తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అతనికి డిగ్రీలో లెక్కల మేజర్ పేపర్ ఒక్కటీ ఉండదు. ఇంటర్‌లో సదిశల బీజగణితం చదివి వస్తాడు. దాని తర్వాతి మెట్టయిన గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ ఇంటర్‌లో లేవు. అవి లేకుండా పైన చెప్పిన మాక్స్‌వెల్ సమీకరణాల అవకలన రూపం బోర్డు మీద రాస్తే అది తలకిందులుగా ఉన్న త్రిభుజాల వరుసలా కనిపిస్తుంది, అంతే.

ఫిజిక్స్ బోర్డు, మాథ్స్ బోర్డు వేర్వేరు రోజుల్లో కూర్చుంటాయి. ఒకరు ఏం తీసేశారో ఇంకొకరికి తెలియదు. ఎవరికి వారే యమునా తీరే. కాంబినేషన్లు తీసేసి మేజర్ ఒక్కటే ఉంచినప్పుడు ఈ రెండు బోర్డులూ ఒక పూట కలిసి కూర్చోవాల్సింది. ఫిజిక్స్‌కి కావాల్సిన లెక్కలు మేజర్‌లోనే ఒక పేపర్‌గా, మొదట్లోనే పెట్టాలా? మైనర్ ఏది తీసుకోవాలో సూచించాలా? కష్టమైన యూనిట్లని చివరి ఏడాదికి జరపాలా? మూడింట్లో ఏదైనా పర్వాలేదు. నేను మొదటిదానికే ఓటేస్తాను. మైనర్ పిల్లల ఇష్టం, దాన్ని మన అవసరానికి వంచకూడదు. కెమిస్ట్రీ వాళ్లకు క్వాంటమ్ దగ్గర, ఎకనామిక్స్ వాళ్లకు గణాంకాల దగ్గర ఇదే తంటా ఉందని ఆ సబ్జెక్టుల మిత్రులు చెబుతుంటారు.

పుస్తకాల దగ్గరికి వద్దాం. సిలబస్ చివర 'రిఫరెన్స్ బుక్స్' కింద అయిదారు పేర్లుంటాయి. వాటిలో విదేశీ ప్రచురణలు కొన్ని. ఒక్కో పుస్తకం ధర మా పిల్లల నెల మెస్ బిల్లుకి దగ్గరగా ఉంటుంది. కొన్ని పాత ఎడిషన్లు, బజారులో దొరకవు. సిలబస్ మారినా ఈ జాబితా మారని పేపర్లు నేను చూశాను. పిల్లలు చదివేది మాత్రం వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్, లేదా పరీక్షకి పది రోజుల ముందు బస్టాండ్ దగ్గర దొరికే గైడు. ఆ గైడు రాసినవాళ్లకి సిలబస్ మాకన్నా ముందే ఎలా అందుతుందో నాకు ఇప్పటికీ వింతే.

హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. ఉర్దూలో ఉన్నత చదువులు చెప్పాలన్నది ఆనాటి నిర్ణయం. క్లాసులు మొదలుకాక ముందే, 1917లోనే, పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థని పెట్టారు. ఏ భాషలో చెప్పాలన్న చర్చ ఇక్కడ నాకు అనవసరం. పుస్తకం ముందు, క్లాసు తర్వాత అన్న క్రమం నిజాం కాలంలో పాలకులకు తోచింది, అది చాలు. మన తెలుగు అకాడమీ కూడా అలాంటి ఆలోచనతోనే 1968లో పుట్టింది. పీవీ నరసింహారావు గారు దానికి తొలి అధ్యక్షులు. ఇంటర్‌కీ డిగ్రీకీ తెలుగులో పుస్తకాలు తేవడం దాని పని. మా కాలేజీ లైబ్రరీలో ఆ ఫిజిక్స్ పుస్తకాలు ఇంకా ఉన్నాయి. అట్టలు చిరిగినా లోపలి బొమ్మలు చక్కగా ఉంటాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు ఇవాళ్టికీ వాటిని అడిగి తీసుకెళ్తారు. కానీ సిలబస్ మారినప్పుడల్లా అందులో ఉన్నదానికీ పరీక్షలో అడిగేదానికీ దూరం పెరుగుతూనే ఉంది.

2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలన్నిటికీ ఇంగ్లీష్ మీడియమే అన్నారు. 2023 ఏప్రిల్‌లో యూజీసీ, కోర్సు ఇంగ్లీష్‌లో ఉన్నా పరీక్ష స్థానిక భాషలో రాసుకోనివ్వమని విశ్వవిద్యాలయాలను కోరింది. ఈ రెండింటి మధ్య నిలబడ్డ పిల్ల ఏ పుస్తకం చదవాలి? ఏ భాషలో రాయాలన్నది ఆ పిల్లే తేల్చుకుంటుంది. ఏ పుస్తకం చదవాలన్నది మీరు చెప్పాలి. సిలబస్‌కి సరిపోయే ఒక్క పుస్తకమైనా, చవగ్గానో ఉచితంగానో, క్లాసు మొదలయ్యే రోజుకి చేతిలో ఉండాలి. అది లేదంటే ఆ పేపర్ సిద్ధం కానట్టే.

అసలు తేదీల గురించి ఒక మాట. క్లాసులు మొదలయ్యాక సిలబస్ రావడం మాకు అలవాటైపోయింది. మొదట 'టెంటేటివ్' అని ఒక పీడీఎఫ్ వస్తుంది. దాంతో ఒక యూనిట్ అయ్యేసరికి 'రివైజ్డ్' అని ఇంకోటి. మోడల్ పేపర్ మిడ్ పరీక్షల తర్వాత వస్తుంది. బోర్డు, స్టాండింగ్ కమిటీ కూర్చునే లోపే వైస్ ఛాన్సలర్ ఆమోదంతో సర్క్యులర్ వెళ్లిపోతుంది, తర్వాతి సమావేశంలో దాన్ని ర్యాటిఫై చేస్తారు. ముహూర్తం పెట్టేసుకుని తర్వాత పెళ్లికొడుకుని వెతుక్కున్నట్టు ఉంటుంది వ్యవహారం. అత్యవసరానికి పెట్టిన అధికారం అది. సిలబస్‌కి ఏం అత్యవసరం ముంచుకొస్తుంది? జూన్‌లో కాకపోతే వచ్చే జూన్‌లో.

తొందరపడితే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది. అధ్యాపకులు చాలామంది వద్దు మొర్రో అన్నారు. ఏడాది తిరిగేసరికి, 2014 జూన్‌లో యూజీసీ జోక్యంతో అది రద్దయింది. మొదటి ఏడాది నాలుగేళ్ల కోర్సులో కూర్చున్న పిల్లలు రెండో ఏడాది మూడేళ్ల కోర్సులోకి మారారు. మళ్లీ 2022లో, జాతీయ విద్యా విధానం పేరుతో అక్కడే నాలుగేళ్ల కోర్సు వచ్చింది. నాలుగేళ్లు మంచివా కాదా అన్నది వేరే చర్చ, దాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు. ఆ ఒక్క బ్యాచ్ పిల్లలు మాత్రం ఎవరి ప్రయోగానికో సరుకయ్యారు.

మన దగ్గరా చూడండి. 2020-21లో సిలబస్ మారింది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, పది నెలల ఇంటర్న్‌షిప్, స్కిల్ కోర్సులు వచ్చాయి. ఆ ఏడాది చేరిన బ్యాచ్ మూడేళ్లు పూర్తి చేసుకునేది 2023లో. అదే 2023లో సింగిల్ మేజర్ వచ్చేసింది. అంటే ముందు తెచ్చిన మార్పు పనిచేసిందో లేదో చూడడానికి ఒక్క బ్యాచ్ ఫలితాలైనా ముందు పెట్టుకుని కూర్చునే వ్యవధి లేకుండానే తర్వాతి మార్పు జరిగింది. స్పాట్ వాల్యుయేషన్‌లో ఏ యూనిట్ నుంచి వచ్చిన ప్రశ్నని పిల్లలు వదిలేస్తున్నారో, దేంట్లో గుడ్డిగా బట్టీ కొడుతున్నారో దిద్దేవాళ్లకు మొదటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. ఆ సమాచారం ఎవరూ అడిగి తీసుకోరు. 'స్టేక్‌హోల్డర్స్ ఫీడ్‌బ్యాక్' అని గూగుల్ ఫారమ్ ఒకటి మాత్రం వస్తుంది, అందులో సిలబస్ బాగుందా అన్నదానికి ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. "మా చేతుల్లో ఏముందమ్మా, పైనుంచి ఉమ్మడి సిలబస్ వస్తుంది, మేం అడాప్ట్ చేసుకుంటాం." కొంతవరకు నిజమే. రాష్ట్రమంతటికీ ఒకే తరహా సిలబస్ ఉంటే పిల్లలు కాలేజీ మారినా ఇబ్బంది ఉండదు, పీజీ ఎంట్రన్స్‌లకి బాగుంటుంది. ఉమ్మడి సిలబస్‌కి నేను వ్యతిరేకం కాదు. అలాగే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ మూడేళ్లకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకి 160 అని చెబుతుంది. ఆ చట్రాన్ని మీరు మార్చలేరు. ఏ యూనిట్‌లో ఏ పాఠం ఉండాలన్నది మాత్రం ఆ చట్రంలో లేదు. అది మన మనుషులు రాసిందే. పైగా, మార్చే అధికారం లేదన్నా మాట్లాడే అధికారం పోలేదు కదా. "ఈ యూనిట్ తొమ్మిది గంటల్లో అవదు", "ఈ పేపర్‌కి మా పరిధిలోని కాలేజీల్లో అధ్యాపకులు లేరు", "దీనికి పుస్తకం లేదు" అని మినిట్స్‌లో రాయండి. అసమ్మతి రాసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. అయిదు విశ్వవిద్యాలయాల బోర్డులు ఒకే యూనిట్ గురించి ఒకే మాట రాస్తే పైన ఉన్నవాళ్లు చదవక తప్పదు. ఏకగ్రీవంగా ఆమోదించామని రాసి బయటికొచ్చి, క్యాంటీన్‌లో టీ తాగుతూ తిట్టుకుంటే ఎవరికి లాభం?

ఇక చేయగలిగిన పనులు. జూన్‌లో క్లాసుకి వెళ్లాల్సిన సిలబస్ అంతకుముందు డిసెంబరు ఆఖరుకల్లా ఖరారవ్వాలి. గడువు దాటితే పాతదే నడుస్తుందని ముందే ప్రకటించాలి. ఈ నియమం ఒక్కటి ఉన్నా మిగతావి వాటంతట అవే దారికొస్తాయని నా నమ్మకం. ఆమోదానికి ముందు డ్రాఫ్ట్‌ని వెబ్‌సైట్‌లో నెల రోజులు పెట్టి, ఆ పేపర్ చెప్పేవాళ్ల అభ్యంతరాలు తీసుకుని, దేన్ని ఒప్పుకున్నారో దేన్ని కాదన్నారో ఒక్కో వాక్యంలో రాయాలి. కొత్త పేపర్ అయితే కనీసం రెండు మూడు కాలేజీల్లో, వాటిలో ఒకటి పల్లె కాలేజీ అయ్యేలా చూసి, అందులోని ఒక యూనిట్‌ని నిజంగా పిల్లలకి చెప్పించి గంటలు లెక్కవేయాలి. ప్రాక్టికల్స్‌లో కొత్త ప్రయోగం చేరిస్తే దానికి కావాల్సిన పరికరం, దాని ధర పక్కనే రాయాలి. ఒక స్పెక్ట్రోమీటర్ చుట్టూ పదిమంది నిలబడి, ఒకడు రీడింగ్ తీస్తే తొమ్మిదిమంది రాసుకునే ల్యాబ్‌లో ముప్ఫై గంటలకు అర్థం లేదు. బోర్డుల్లో డిగ్రీ అధ్యాపకులు సగమైనా ఉండాలి, వాళ్లలో కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లకూ చోటివ్వాలి. నిజానికి చాలా కాలేజీల్లో పాఠం చెప్పేది వాళ్లే. ఫైనలియర్ విద్యార్థి ఒకరిని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలవడానికి ఏ రూలూ అడ్డురాదు.

ప్రశ్నపత్రం గురించి కూడా ఆ సమావేశంలోనే తేల్చాలి. సిలబస్‌తో పాటే మోడల్ పేపర్, అందులో లెక్కలకి ఎన్ని మార్కులో, బొమ్మ గీసి వివరించే ప్రశ్నలకి ఎన్నో. పిల్లలు చదివేది ప్రశ్నపత్రాన్ని చూసే. మనం ఎన్ని అవుట్‌కమ్స్ రాసినా వాళ్లకి అదొక్కటే సిలబస్.

పోయినసారి కూర్చున్న బోర్డు కాగితాలు మీ దగ్గరే ఉంటాయి. వచ్చే సమావేశానికి ముందు వాటిలోంచి ఏదో ఒక పేపర్, ఏదో ఒక యూనిట్ తీసి, ప్రతి కామా పక్కన పెన్సిల్‌తో గంటలు వేసి చూడండి. ఫిజిక్స్ అయితే నా లెక్క సిద్ధంగా ఉంది, అయిదు యూనిట్లకీ వేసి పెట్టాను, అడిగితే పంపిస్తాను. తప్పుంటే దిద్దండి. బోర్డుకి రమ్మంటే సెలవు పెట్టి నా ఖర్చులతోనే వస్తాను. ఆ రోజు మాథ్స్ బోర్డు వాళ్లని కూడా పిలవండి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ అధ్యాపకురాలు